ఫైబరు పుట్టికి ఊరిలోనే మరమ్మతు: మొదటి పనికి కావలసిన సామగ్రి

కృష్ణానది మహబూబ్‌నగర్ ప్రాంతమున తెలంగాణలో ప్రవేశించి, జూరాల, శ్రీశైలము జలాశయముల మీదుగా నల్లగొండ ప్రాంతమందలి నాగార్జునసాగరమునకు చేరుచున్నది. ఈ నది పొడవునను, డిండి, మూసీ జలాశయములందును, పెద్ద చెరువులందును చేపలు పట్టు కుటుంబములకు పుట్టియే జీవనాధారము. పూర్వము వెదురు బద్దలతో అల్లి, తోలు కప్పి పుట్టిని తయారుచేయువారు. తరువాత తారు పూసిన గుడ్డయు, ప్లాస్టిక్ పట్టాయు తోలు స్థానమును ఆక్రమించినవి. ఇప్పుడు అనేకచోట్ల ఫైబరు పుట్టి వాడుకలోనికి వచ్చినది. వెదురువలె ఇది నీటికి కుళ్ళదు, చెదలు పట్టదు. కాని రాతికి ఒరసికొన్నప్పుడు, ఒడ్డున ఈడ్చినప్పుడు పగులును.

చిన్న పగులే కదా యని ఉపేక్షించినచో నీరు లోపలి పొరలలోనికి ఇంకి, పగులు పెరుగును. నడినీటిలో అది ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. బాగుచేయువారి కొరకు పట్టణమునకు మోసికొని పోయినచో వేట సాగవలసిన దినములు వృథాయగును. జానెడు పగులును ఊరిలోనే బాగుచేసికొనుట కష్టము కాదు. పంచాయతీయు, మత్స్యకారుల సహకార సంఘమును కలిసి ఒక పనిముట్ల పెట్టెను ఏర్పరచి, ఇద్దరు యువకులకు ఈ పని నేర్పించిన చాలును.

ఫైబరు అనగా నేమి?

కరిగించిన గాజును సన్నని దారములుగా తీసి, ముక్కలుగా కోసి, చాపవలె పరచి అమ్ముదురు. దీనినే మ్యాట్ అందురు. రెసిన్ అను చిక్కని ద్రవముతో దీనిని తడిపిన, అది గట్టిపడి పలకయగును. మట్టిగోడకు గడ్డి కలిపినచో గోడ పగులక నిలుచును గదా! ఇచట రెసిన్ మట్టివంటిది, గాజు నార గడ్డివంటిది. రెసిన్ దానంతటది త్వరగా గట్టిపడదు. హార్డెనరు అను మరియొక ద్రవమును కొలతప్రకారము కలుపవలెను.

కొనవలసిన వస్తువులు

1. పాలియెస్టరు రెసిన్, 1 కిలో. కోబాల్టు ముందుగానే కలిపిన రకమునే అడిగి తీసికొనవలెను.
2. దానికి తగిన హార్డెనరు, చిన్న సీసా.
3. చదరపు మీటరునకు 450 గ్రాముల బరువుగల మ్యాట్, 1 మీటరు.
4. కుంచెలు, రెసిన్‌ను అదిమి గాలిబుడగలు తీయుటకు గాడులుగల చిన్న ఇనుప రోలరు.
5. గ్రాములు చూపు త్రాసు, సూదిలేని 5 మిల్లీలీటర్ల సిరంజి, ప్లాస్టిక్ మగ్గులు. థర్మాకోలు పాత్రలు పనికిరావు, రెసిన్ వానిని కరగించును.
6. ముతక ఎమిరీ కాగితము, కత్తెర, చాకు.
7. కుంచెలు కడుగుటకు అసిటోను.
8. రసాయనములకు ఆగు చేతితొడుగులు, కంటి అద్దములు, ధూళిని ఆపు మాస్కు, పొడుగు చేతుల చొక్కా.

మొదటి పనికి అచ్చు అవసరము లేదు. పాత పుట్టియే అచ్చు. కావున అచ్చునకు పూయు మైనము మొదలగునవి కొననక్కరలేదు.

లెక్క

పగులు 20 సెంటీమీటర్లు ఉన్నదనుకొందము. 30×15, 35×20, 40×25 సెంటీమీటర్ల కొలతలతో మూడు మ్యాట్ ముక్కలు కోయవలెను. వీని బరువు సుమారు 100 గ్రాములు. మ్యాట్ బరువునకు రెండు లేక రెండున్నర రెట్లు రెసిన్ కావలెను. అనగా 250 గ్రాములు చాలును. హార్డెనరు రెసిన్ బరువులో నూటికి ఒకటిన్నర వంతు, ఇచట సుమారు మూడున్నర మిల్లీలీటర్లు. కొత్తవారు దీనిని రెండు సగములుగా చేసి, ఒకదాని తరువాత ఒకటి కలిపికొనుట మేలు. డబ్బాపై వేరు కొలత వ్రాసియున్నచో దానినే అనుసరింపవలెను.

ఎండ తీవ్రముగా నున్నప్పుడు రెసిన్ నిమిషములలో గడ్డకట్టును. కావున వేసవిలో ఉదయముననే నీడపట్టున పని ముగింపవలెను. వాన, తేమ ఉన్ననాడు పని పెట్టుకొనరాదు.

పనిచేయు విధము

పుట్టిని కడిగి, పూర్తిగా ఎండనీయవలెను. పగులు రెండు కొసలయందు చిన్న రంధ్రము చేసినచో అది మరి ప్రాకదు. పగులు చుట్టును పెద్ద మ్యాట్ ముక్క పూర్తిగా పట్టునంత మేర ఎమిరీతో గరుకుగా రుద్ది, ధూళి తుడువవలెను. నునుపైన తలముపై వేసిన అతుకు నిలువదు. ఈ పనిలో రుద్దుటయే సగము పని.

రెసిన్‌లో హార్డెనరు పోసి, నిండు నిమిషము నిదానముగా కలుపవలెను. రుద్దినచోట రెసిన్ పూసి, చిన్న ముక్కను ముందు, పెద్ద ముక్కను చివర పరచి, ఒక్కొక్కదానిని తెలుపు పోయి పారదర్శకమగువరకు కుంచెతో తడిపి, రోలరుతో అదుమవలెను. తెల్లగా మిగిలినచోట గాలి నిలిచినదని గ్రహింపవలెను. పైన ప్లాస్టిక్ కాగితము కప్పినచో ఉపరితలము జిగటగా మిగులదు. మరునాటికి గట్టిపడును. అయినను కొన్నాళ్ళు ఆగి, మనుష్యులు లేకుండ లోతులేని నీటిలో తేలవేసి పరీక్షింపవలెను.

మరువరాని జాగ్రత్తలు

హార్డెనరు కంటిలో పడిన చూపు పోవచ్చును. అట్లు జరిగినచో వెంటనే మంచినీటితో పదునైదు నిమిషములకు తక్కువగాకుండ కడుగుచు వైద్యుని యొద్దకు తీసికొని పోవలెను. కోబాల్టును, హార్డెనరును ఒకదానితోనొకటి సూటిగా కలిపిన భగ్గున మండును, పేలవచ్చును. కోబాల్టు కలిపిన రెసిన్‌నే కొనుమని చెప్పుటకు ఇదియే కారణము. రెసిన్ ఆవిరి ఆరోగ్యమునకు హానికరము, మండు స్వభావము గలది. ధూళి మాస్కు ఆవిరిని ఆపదు. కావున తలుపులు మూసిన గదిలో పనిచేయరాదు. సమీపమున పొయ్యి, బీడీ ఉండరాదు. గాజు ధూళి చర్మముపై పడిన రుద్దక చల్లని నీటితో కడుగవలెను. మిగిలిన రెసిన్ మగ్గులో వేడెక్కి పొగ వచ్చును. దానిని పలుచగా పరచి గట్టిపడనిచ్చి పారవేయవలెను. చెరువులో పోయరాదు, కాల్చరాదు. ఈ వస్తువులను పిల్లలకు అందనిచోట, తాళము వేసి ఉంచవలెను.

ఏది చేయరాదు?

తారు పూసిన పుట్టికిని, నల్లని ప్లాస్టిక్ నీటిట్యాంకునకును ఈ అతుకు అంటదు. త్రాగునీటి ట్యాంకు లోపల ఈ సామాన్య రెసిన్ వాడరాదు. పుట్టి అంచు విరిగినను, అడుగున పెద్ద భాగము పోయినను అనుభవజ్ఞులకే అప్పగింపవలెను.

బాగుచేసిన పుట్టి యైనను, కొత్త పుట్టి యైనను, నీటిలోనికి పోవువారికి ప్రాణరక్షక జాకెట్టు తప్పనిసరి. పంచాయతీ సభ్యులు ఈ పెట్టెను ఏర్పరచునాడే జాకెట్ల సంగతియు విచారింపవలెను. వానలకు ముందుగా గ్రామమునందలి పుట్టులన్నిటిని ఒడ్డున వరుసగా బోర్లించి, పగుళ్ళను వెదకి గుర్తుపెట్టుట మంచి ఆరంభము. ఒక్క ఉదయము ఇందుకు వెచ్చించిన, ఏటి పొడవునను కుటుంబములు నిశ్చింతగా ఉండగలవు.