ఢిల్లీలో రాజస్థాన్: నాలుగు పాఠాలు

ఢిల్లీకి బదిలీ మీద వచ్చిన మన తెలుగు కుటుంబాలు ఎల్‌ఎఫ్‌సీ కోసం ఊళ్ల జాబితా రాసుకుంటే జైపూర్, ఉదయ్‌పూర్, జైసల్మేర్ పేర్లు మొదట్లోనే ఉంటాయి. కోటలు చూస్తాం, ఒంటె ఎక్కుతాం, బాంధనీ చీరలు కొంటాం, ఫొటోలతో తిరిగొస్తాం. అదంతా బాగానే ఉంటుంది. కానీ ఆ రాష్ట్రం నిజంగా అర్థం కావాలంటే ప్రయాణం ఢిల్లీలోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మనం ఎన్‌సీఆర్ అని పిలుచుకునే జాతీయ రాజధాని ప్రాంతంలో నోయిడా, గురుగ్రామ్‌లతో పాటు రాజస్థాన్‌లోని అల్వర్, భరత్‌పూర్ కూడా ఉన్నాయి. అంటే రాజస్థాన్ మనకు పొరుగు మాత్రమే కాదు, మన ప్రాంతంలో ఒక భాగం.

ముందు ఒక లెక్క చూద్దాం. రాజస్థాన్ విస్తీర్ణం 3,42,239 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఇదే అతి పెద్ద రాష్ట్రం. దాని మీదుగా నైరుతి నుంచి ఈశాన్యానికి ఆరావళి కొండలు సాగుతాయి. వాటికి పడమటి వైపు థార్ ఎడారి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 200 మిల్లీమీటర్ల లోపే. మనం కరువు సీమ అని చెప్పుకునే అనంతపురంలో 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అందులో సగం కూడా లేని చోట జనం వందల ఏళ్లుగా పంటలు పండించారు, పశువులను మేపారు, నగరాలు కట్టారు. అది ఎలా సాధ్యమైంది? దీనికి జవాబు చెప్పే నాలుగు పాఠాలు ఢిల్లీలోనూ చుట్టుపక్కలా దొరుకుతాయి.

మొదటి పాఠం: నీడ

కన్నాట్ ప్లేస్ పక్కనున్న జంతర్ మంతర్ పేరు వినగానే మనకు ధర్నాలు గుర్తొస్తాయి. దాన్ని కట్టించింది ఆమేరు రాజు సవాయి జైసింగ్. అది 1724లో. అప్పట్లో ఆ నేల ఆయన సంస్థానానికి చెందిన జైసింగ్‌పురా. తర్వాత ఆయన జైపూర్, ఉజ్జయిని, కాశీ, మథురల్లో కూడా ఇలాంటి వేధశాలలు కట్టించాడు. మథురలోనిది ఇప్పుడు లేదు. జైపూర్‌లోనిదానికి 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

ఇత్తడి పరికరాలు చిన్నవి. వాడేకొద్దీ అరిగి, వదులై లెక్క తప్పుతాయి. అందుకే జైసింగ్ రాయి, సున్నంతో పెద్ద పెద్ద యంత్రాలు కట్టించాడు. ఢిల్లీలోని సామ్రాట్ యంత్రం ఎత్తు దాదాపు 70 అడుగులు. దాని ఏటవాలు గోడ భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. ఆ గోడ నీడ పక్కనున్న వంపు మీద ఎక్కడ పడితే అదే సమయం. ఇప్పుడు కొలత గీతలు చాలావరకు చెరిగిపోయాయి, చుట్టూ ఎత్తైన భవనాలు కూడా వచ్చాయి. సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

పిల్లలకు ఇక్కడ ఒక మంచి లెక్క ఇవ్వవచ్చు. మన గడియారం సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. ఢిల్లీ 77.2 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఢిల్లీలో సూర్యుడు గడియారం కన్నా దాదాపు 21 నిమిషాలు వెనక ఉంటాడు. ఏప్రిల్ మధ్యలో మేడ మీద ఒక కర్ర నిలబెట్టి చూడండి. ఢిల్లీలో నీడ అతి పొట్టిగా ఉండేది 12 గంటల 21 నిమిషాలకు. జైపూర్‌లో 12.27కు, కాకినాడలో 12.01కి. ఫిబ్రవరి మధ్యలో చూస్తే ఢిల్లీలో అది 12.35కు జరుగుతుంది, నవంబరు మొదట్లో 12.05కే అయిపోతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రం కాకపోవడం, భూమి ఒరిగి ఉండడం ఇందుకు కారణాలు. ఖర్చు లేని ప్రయోగం ఇది. ఏడాదిలో మూడు నాలుగు ఆదివారాలు చేస్తే పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు.

రెండో పాఠం: చెట్టు

మా ఆఫీసులో జోధ్‌పూర్ వైపు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకరు అప్పుడప్పుడూ కేర్-సాంగ్రీ కూర తెస్తారు. సాంగ్రీ అంటే ఏమిటని అడిగితే "ఖేజ్‌డీ చెట్టు కాయ సార్, ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటాం" అన్నారు. ఆయన ఫోన్‌లో చూపించిన ఆకులు చూడగానే గుర్తుపట్టాను. మన జమ్మి చెట్టు! దసరా నాడు తెలంగాణలో ఆ ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడతామని చెబితే, తమ వైపు కూడా దసరాకు ఆ చెట్టును పూజిస్తారని ఆయన సంబరపడ్డారు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే.

జమ్మి వేళ్లు చాలా లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటాయి. ఆకు మేకలకూ ఒంటెలకూ మేత. కాయ మనుషులకు కూర. దాని కింద నేల సారవంతంగా ఉంటుంది కాబట్టి రైతు చేను మధ్యలో ఉన్నా దాన్ని కొట్టడు, సజ్జలు దాని చుట్టూనే చల్లుతాడు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో రాజుగారి భవన నిర్మాణానికి కావలసిన సున్నం కాల్చడం కోసం ఈ చెట్లు నరకడానికి భటులు వచ్చారు. అమృతాదేవి అనే బిష్ణోయి మహిళ చెట్టును కౌగిలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనక మొత్తం 363 మంది అలాగే ప్రాణాలర్పించారు. ఆ త్యాగం గుర్తుగా సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా పాటిస్తున్నాం.

ఢిల్లీ అడవుల్లో మాత్రం మనకు ఎక్కువగా కనిపించేది జమ్మి దాయాది. ఇక్కడివాళ్లు విలాయతీ కీకర్ అంటారు. మన ఊళ్లలో సర్కారు తుమ్మ అంటే అందరికీ తెలుస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను త్వరగా పచ్చదనం రావాలని బ్రిటిష్ కాలంలో ఇక్కడి కొండల మీద నాటారు. పచ్చదనం వచ్చింది, స్థానిక చెట్లు వెనకబడ్డాయి. గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య పార్కులో దీనికి విరుగుడు చూడవచ్చు. ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన ఆ నేలలో 2010 నుంచి పౌరులు, సంస్థలు కలిసి ఆరావళికి చెందిన చెట్లనే పెంచుతున్నారు. చెట్టు నాటడం ఒక్కటే చాలదు, ఏ నేలకు ఏ చెట్టో తెలిసి నాటాలి.

మూడో పాఠం: నీరు

హెయిలీ రోడ్డు దగ్గర ఆఫీసు భవనాల మధ్య అగ్రసేన్ కీ బావలీ ఉంది. దాదాపు 60 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, వందకు పైగా మెట్లు. మన మాటల్లో చెప్పాలంటే దిగుడు బావి. పై మెట్టు మీద మండే ఎండ ఉన్నా కిందికి దిగేకొద్దీ చల్లబడుతుంది. కట్టడంలోని తెలివి అదే. వానాకాలంలో నీళ్లు పైమెట్ల దాకా వస్తాయి, వేసవిలో కిందికి పోతాయి. నీరు ఎంత దిగితే మనిషి అంత దిగి తెచ్చుకోవచ్చు. లోతు, నీడ వల్ల ఆవిరయ్యేది తగ్గుతుంది. ఇదే ఆలోచన మరింత గొప్పగా చూడాలంటే దౌసా జిల్లా ఆభానేరిలోని చాంద్ బావడీకి వెళ్లాలి. వెయ్యేళ్లు దాటిన ఆ బావికి 13 అంతస్తుల్లో 3,500 మెట్లు ఉన్నాయి.

ఇది పాత కథ మాత్రమే కాదు. అల్వర్ జిల్లాలో 1980ల నాటికి బావులు ఎండి, యువకులు ఊళ్లు వదిలిపోయారు. 1985 నుంచి రాజేంద్ర సింగ్, తరుణ్ భారత్ సంఘ్ గ్రామస్థులతో కలిసి జోహడ్‌లను, అంటే వాన నీటిని ఆపే మట్టికట్టల చెరువులను, మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. నీరు భూమిలోకి ఇంకింది, బావుల్లోకి తిరిగొచ్చింది. ఎండిపోయిన అర్వరీ నది మళ్లీ పారింది. ఆయనకు 2001లో మెగసెసే పురస్కారం, 2015లో స్టాక్‌హోమ్ జల పురస్కారం వచ్చాయి. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఉన్నదీ ఇదే సూత్రం. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్ల బావి 2022లో మళ్లీ తెరుచుకోవడం చూశాం. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఎన్‌సీఆర్ అపార్ట్‌మెంట్లలో ఇంకుడు గుంత పూడుకుపోయిందో లేదో సొసైటీ మీటింగులో ఒకసారి అడగడం మనవంతు.

నాలుగో పాఠం: కొండ

రాష్ట్రపతి భవన్ ఉన్న రైసినా కొండ, బుద్ధ జయంతి పార్కు, జేఎన్‌యూ ఆవరణ, అసోలా భాటీ అభయారణ్యం ఇవన్నీ ఒకే కొండల వరుస. దాన్ని ఢిల్లీలో రిడ్జ్ అంటారు. గుజరాత్‌లో మొదలై రాజస్థాన్, హరియాణాల మీదుగా దాదాపు 700 కిలోమీటర్లు సాగిన ఆరావళి ఇక్కడ యమున ఒడ్డున వజీరాబాద్ దగ్గర ముగుస్తుంది. ప్రపంచంలోని అతి పాత పర్వతాల్లో ఇదొకటి. మౌంట్ ఆబూలో 1,722 మీటర్ల ఎత్తున్న గురుశిఖర్ దీని శిఖరం. ఢిల్లీ చేరేసరికి గుట్టలంత అయిపోతుంది.

ఎత్తు తగ్గినా పని తగ్గలేదు. పడమటి నుంచి వచ్చే ఇసుక గాలికి ఈ కొండలూ వాటి మీది అడవీ అడ్డుగోడ. పగుళ్లున్న రాళ్లలోంచి వాన నీరు భూమిలోకి దిగి మన బోర్లకు చేరుతుంది. అదే రాయి ఇళ్లకూ రోడ్లకూ పనికొస్తుంది కాబట్టి కొండకు ముప్పు వచ్చింది. రాజస్థాన్‌లో పరిశీలించిన 128 కొండల్లో 31 గత యాభై ఏళ్లలో మాయమయ్యాయన్న నివేదిక 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఫరీదాబాద్, గురుగ్రామ్, మేవాత్ ఆరావళి ప్రాంతాల్లో గనుల తవ్వకాన్ని అంతకుముందే, 2009లో, కోర్టు ఆపేసింది. 2023 మార్చిలో కేంద్రం ఆరావళి హరిత గోడ పథకాన్ని ప్రారంభించింది. నాలుగు రాష్ట్రాల్లో కొండల చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర పచ్చదనం పెంచడం దాని ఉద్దేశం.

నీడను మళ్లీ కొలవవచ్చు, చెట్టును మళ్లీ నాటవచ్చు, పూడిన బావిని తవ్వవచ్చు. కొండను మాత్రం తిరిగి కట్టలేం. మన పిల్లలు ఈ నగరంలో పెరుగుతున్నారు. వాళ్లు పీల్చే గాలి, తాగే నీరు ఆ కొండ మీద ఆధారపడి ఉన్నాయన్నది వాళ్లకు తెలియాలి.

ఒక ఆదివారానికి నా సూచన ఇది. ఉదయం జంతర్ మంతర్, తర్వాత అగ్రసేన్ బావలీ, మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం, సాయంత్రం ఇండియా గేట్ దగ్గరి బీకానేర్ హౌస్. బీకానేర్ మహారాజు గంగాసింగ్ కట్టించుకున్న ఆ భవనం ఇప్పుడు కళా ప్రదర్శనల కేంద్రం. ఇవన్నీ ఒకదానికొకటి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. మరో ఆదివారం గురుగ్రామ్ పార్కు పెట్టుకోండి. ఆ తర్వాత ఎల్‌ఎఫ్‌సీ మీద జైసల్మేర్ వెళ్తే, ఇసుక తిన్నెల మధ్య నిలబడ్డ జమ్మి చెట్టును మీ పిల్లలే ముందుగా గుర్తుపట్టి మీకు చూపిస్తారు.