పాలు పోసి వచ్చాక పావుగంటలో ఫలహారం



కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్ట పల్లెల్లో పాడి ఉన్న ఇంట తెల్లవారకముందే పని మొదలవుతుంది. పేడ తీసి, మేత వేసి, పాలు పితికి వేళకు కేంద్రానికి చేర్చాలి. తిరిగి వచ్చేసరికి బడివేళ అవుతుంది. ముందురోజు పిండి రుబ్బుకోని నాడు పిల్లలు టీ నీళ్లతోనే బడికి పోతారు. పదిమందికి పాలు పోసే ఇంటి పిల్లలు పస్తుతో పోవడం మనకు తగదు. ఈ లోటు తీర్చే ఉపాయమే ఈ పాఠం.

రుబ్బే పని లేని రవ్వ ఇడ్లీ కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కొరత వచ్చినపుడు తాము దీనిని మొదలుపెట్టామని బెంగళూరులోని ఎం.టి.ఆర్. హోటలువారు చెబుతారు. దానికి మన రాగులను జోడిద్దాం. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

కావలసినవి: బొంబాయి రవ్వ 3 గ్లాసులు, రాగిపిండి 1 గ్లాసు, ఉప్పు 2 చిన్న చెంచాలు, ఆవాలు, జీలకర్ర ఒక్కొక్క చెంచా, శనగపప్పు 2 చెంచాలు, కరివేపాకు 2 రెబ్బలు, నూనె 2 చెంచాలు.

చేసే విధం: కరివేపాకు కడిగి, తడి లేకుండా నీడన ఆరబెట్టాలి. నూనెలో పోపు వేయించి, ఆకు గలగలలాడేదాకా ఉంచాలి. అందులోనే రవ్వ పోసి సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. రాగిపిండిని విడిగా వేయించి, ఉప్పుతో సహా అన్నీ కలపాలి. పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాలో పోయాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై పొడి ఉండకడుతుంది, బూజు పడుతుంది. తడి చెంచా ముంచరాదు. ఇలా ఉంచితే నెలరోజులు వాడుకోవచ్చు. సజ్జపిండి మాత్రం ఇందులో కలపరాదు. దానిలోని కొవ్వు వల్ల కొద్ది రోజులకే చేదెక్కుతుంది.

వాడే విధం: గ్లాసు పొడికి గ్లాసు పుల్లపెరుగు, కొద్దిగా నీరు కలిపి పదిహేను నిమిషాలు నాననివ్వాలి. పాలకేంద్రానికి బయలుదేరే ముందే కలిపిపెట్టుకోవచ్చు. వచ్చాక పిండి గట్టిపడి ఉంటే కాస్త నీరు చేర్చాలి. పొయ్యిమీద నీరు మరిగాక పావుచెంచా వంటసోడా వేసి కలిపి, వెంటనే రేకుల్లో పోసి పది పన్నెండు నిమిషాలు ఆవిరిపై ఉడికించాలి.

వెంటనే ఎందుకు? పెరుగులోని పులుపు సోడాతో కలిసినపుడు గాలి పుడుతుంది. ఆ బుడగలే ఇడ్లీని పొంగిస్తాయి. ఆలస్యమైతే గాలి పోయి ఇడ్లీ గట్టిపడుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. పెరుగు లేకుండా నీటితోనే కలిపితే సోడాకు పులుపు దొరకదు, ఇడ్లీ సరిగా పొంగదు.

కాబట్టి ఈ ఫలహారానికి ప్రాణం పెరుగు. అది మన ఇంటిదే. క్యాను నింపాలనే ఆత్రంతో ఇంట్లో చుక్క మిగల్చకుండా పోయవద్దు. తోడుకు అరలీటరు ఉంచుకున్నాకే మిగిలినవి కేంద్రానికి తేవాలి.

సంఘ సమావేశంలో చర్చకు:
1. పొడి చల్లారాకే డబ్బాలో ఎందుకు పోయాలి?
2. సోడాను చివరలో వేయడానికి కారణమేమి?
3. మీ ఇంట రోజుకు ఎన్ని పాలు పిల్లలకు మిగులుతున్నాయి?