ప్రశ్నయే శోధనము

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. అచటి బ్లాస్టు ఫర్నేసులో ఇనుపరాతితోబాటు సున్నపురాయిని గూడ వేయుదురు. అది మాలిన్యమును తనలో కలుపుకొని చిట్టెమై పైకి తేలును. బరువైన ఇనుము అడుగున నిలుచును. ఆలోచనకు ప్రశ్న అట్టి సున్నపురాయి.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవమంటపమునకు అక్కమహాదేవి వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించెను: దేహాభిమానమును విడిచినచో కేశములతో దేహమును కప్పుకొనుటేల? ఆమె కోపింపలేదు. అది చూచువారికి బాధ కలుగకుండుటకని బదులిచ్చినట్లు శూన్యసంపాదనము తెలుపుచున్నది. ఆ ప్రశ్న అవమానించుటకు గాదు. మాటకును నడతకును పొందిక కలదా యని చూచుటకే.

“శివుడు సర్వవ్యాపి యైనచో ఇష్టలింగమేల?” అని ఇంట పిల్లవాడడిగిన గద్దింపరాదు. అంతట ఉండుటయు, మనస్సునకు చిక్కుటయు ఒకటేనా యని మొదట విచారింపవలెను. సముద్రమంతట నీరున్నను సరకు దింపుటకు ఓడ విశాఖ రేవునకే రావలెను. చంచలమగు మనస్సునకు కరస్థలమందలి లింగము అట్టి రేవు.

అయినను ఈ ఉపమానమును గూడ శోధింపవలెను. రేవు ఓడకు వెలుపలిది; లింగము అంగమునకు వెలుపలిదా? ఈ ప్రశ్నతో బాలుడు పూజకు కూర్చుండుట, నోరుమూసికొని కూర్చుండుటకంటె మేలు.