జేబులో మాత్ర – చట్టం ఏమంటుంది?

పరీక్షల ముందు నిద్ర పట్టడం లేదని స్నేహితుణ్ణి అల్ప్రాజోలం మాత్ర అడగడం మనలో కొందరికి మామూలే. తలనొప్పి మాత్రలాంటిదే గదా అనుకుంటాం. కాదు. కల్తీ కల్లులో కలిపేది ఈ మందే. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద, డాక్టరు చీటీ లేకుండా దగ్గర ఉంచుకున్నా, మరొకరికి ఇచ్చినా కేసు కావచ్చు. 5 గ్రాముల వరకు ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 100 గ్రాములు మించితే పదేళ్ళకు తగ్గదు.

అర మిల్లీగ్రాము మాత్రలు 5 గ్రాములు కావాలంటే పదివేలుండాలి గదా అని మేమూ లెక్కేశాం. కానీ 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు, కలిపిన పొడి బరువూ లెక్కలోకే వస్తుందన్నది. మాత్ర బరువు 100 మిల్లీగ్రాములైతే 50 మాత్రలకే 5 గ్రాములు! రేపు కానిస్టేబుల్‌గా ఎంపికైనా విచారణలో ఆ కేసు బయటపడుతుంది. నిద్ర పట్టనివారు వార్డెన్ గారికి చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు ఉచితంగానే చూస్తారు.