నాయకుని వెంట నడిచినవారు

‘రజాకార్’ అనే ఉర్దూ మాటకు స్వచ్ఛంద సేవకుడు అని అర్థం. ఇంత మంచి మాట తెలంగాణ పల్లెలలో పిల్లలను భయపెట్టే మాటగా మారడానికి రెండు సంవత్సరాలు కూడా పట్టలేదు. మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు ఒకే ఆవరణలో చదువుకుంటున్నారు; కనుక ఈ విషయాన్ని దాటవేయక పరిశీలించడం ఉచితమని మేము భావించాము.

లాతూరు వకీలు కాసిం రజ్వీ 1946లో మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అధ్యక్షుడయ్యాడు. నిజాం రాజ్యం స్వతంత్రంగా నిలవాలన్నది అతని వాదం. దిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ పతాకం ఎగురుతుందని సభలలో గర్జించేవాడు. అతనిని గూర్చి చరిత్రకు పెద్దగా సందేహం లేదు. చిక్కంతా అతని వెంట నడిచిన వేలాదిమందిని గూర్చియే.

వారందరూ ఒక్కరకం వారు కారు. 1947లో మధ్య పరగణాల నుండి, ఇతర ప్రాంతాల నుండి సర్వస్వం కోల్పోయి హైదరాబాదు చేరిన శరణార్థులు కొందరు. ఉద్యోగం పోతుందని, రాజ్యం పోతే తమ గతి ఏమిటని జంకిన చిరుద్యోగులు కొందరు. భయం వీరిని నడిపించింది. కాని పల్లెలలో మరొక వర్గం ఉన్నది. రైతు పోరాటానికి బెదిరిన దేశ్‌ముఖులు పలువురు, హిందువులై ఉండి కూడా, రజాకార్లను తమ గడీలకు పిలిపించుకున్నారు. వీరికి మత విశ్వాసంతో పని లేదు, భూమితోనే పని. పోలీసు చర్య ముగిసిన పిమ్మట వీరిలో అనేకులు ఖద్దరు ధరించి, గాంధీ టోపీ పెట్టుకొని గ్రామాలకు తిరిగివచ్చారు. చరిత్ర వీరిని అడగవలసినంత గట్టిగా అడగలేదని మా అభిప్రాయం.

‘మాకేమి తెలుసు, కాలం అటువంటిది’ అని అనుచరులు చెప్పుకోవడం కద్దు. ఈ మాట ఎంతవరకు చెల్లుతుంది? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజుపై ఫిరంగి పేలింది. పదులకొద్దీ గ్రామస్థులు ఒక్కరోజే హతులయ్యారు. ఆ తరువాత తెలియదనడం కష్టం. అంతకు కొన్ని రోజుల ముందే హైదరాబాదు నగరంలో ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, ఇంటికి మరలిపోతున్న రాత్రివేళ, దుండగులు కాల్చి, చేయి నరికి చంపారు. సంస్థానం భారతదేశంలో చేరాలని ఆయన ఉర్దూలో వ్రాశారు. రజ్వీ అనుచరులు చదివే భాషలోనే, వారు తిరిగే వీధులలోనే ఆ వ్రాత వెలువడింది. వేరొక దారి ఉన్నదని వారికి చెప్పినవారు లేకపోలేదు.

అయితే అందరినీ షోయబుల్లా ఖాన్ కొలబద్దతో కొలవడం న్యాయం కాదు. ప్రాణం ఇచ్చే ధైర్యం అందరికీ ఉండదు. అంతకన్న చిన్న కొలబద్ద ఒకటి ఉన్నది. లాయఖ్ అలీ మంత్రివర్గంలో ఉండిన జె. వి. జోషి, రజాకార్ల దౌర్జన్యాలను కళ్లారా చూచి 1948లో రాజీనామా ఇచ్చారు. చూచినప్పుడు తప్పుకోవడం అనే ఈ పాటి పని ఎందరు చేయగలిగి ఉండీ చేయలేదో, ఆ లెక్కలోనే అనుచరుల బాధ్యత ఉన్నది. ఇక్కడ మేము మతాన్ని చూడడం లేదు.

అదే 1948లో మన జవహర్‌నగర్ పొరుగున ఉన్న బొల్లారంలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె. ఎం. మున్షీ నివసించేవారు. సెప్టెంబరు 13న సైన్యాలు కదిలాయి. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. రజ్వీ ఖైదు అయ్యాడు, బీబీనగర్ కేసులో శిక్ష పడింది, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు, 1970లో కరాచీలో మరణించాడు. నాయకుడు వెళ్లిపోయాడు, వెంట నడిచినవారు, అసలు నడవనివారు కూడా ఇక్కడనే మిగిలారు.

తీర్పు వారిపై పడింది. ఆ తీర్పు చెప్పినది న్యాయస్థానం కాదు, గుంపులు. మరాఠ్వాడా, బీదరు ప్రాంతాలలోను, ఇతర జిల్లాలలోను ముస్లిములపై జరిగిన ప్రతీకారాన్ని విచారించడానికి పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు 1948 చివర పర్యటించారు. మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. ఈ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. 2013 నాటికి గాని దిల్లీలో చదువుకొనే వీలు కలుగలేదు. చనిపోయినవారిలో రజాకార్ ఎవరు, రజాకార్లకు భయపడి తలుపు వేసుకున్నవాడు ఎవరు అని ఆనాడు ఎవరూ అడగలేదు. పేరు చాలింది. షోయబుల్లా ఖాన్ ఆ వారాలలో బ్రతికి ఉండి, ఏ మారుమూల పల్లెకో పోయి ఉంటే, ఆయన పేరు కూడా చాలేదే కదా!

సుందర్‌లాల్ బృందం ఆ నివేదికలోనే మరొక సంగతి కూడా వ్రాసిపెట్టింది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ప్రాణాలకు తెగించి తమ తోటి ముస్లిం నేతపనివారిని కాపాడారట. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసిన ఆ మనుషులకు, ఎవడు రజ్వీ వెంట నడిచాడో, ఎవడు నడవలేదో ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.