అంతస్తులు పెరిగాయి, పైపు పెరిగిందా?

రెండు వందల గజాల స్థలం, అందులో ఒక ఇల్లు, ముందు కొబ్బరి చెట్టు, పక్కన నీళ్ల సంపు. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, విశాఖలోనైనా పాత కాలనీ అనగానే గుర్తొచ్చే దృశ్యం ఇదే. ఇప్పుడు అదే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లను కూల్చి, కింద పార్కింగు వదిలి, పైన అయిదంతస్తులు లేపుతున్నారు. కొన్నేళ్లు గడిచేసరికి మ్యాన్‌హోల్ పొంగుతుంది, నల్లా ధార సన్నబడుతుంది. "జనం ఎక్కువైపోయారు, అందుకే ఈ తిప్పలు" అని కాలనీవాసులు తీర్మానిస్తారు.

తప్పు నిజంగా జనానిదేనా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. దీనికి హైస్కూలు గణితం చాలు.

భవనాన్ని కొలవడం వేరు, మనుషులను కొలవడం వేరు

నగర ప్రణాళికలో తరచూ వినిపించే మాట ఎఫ్‌ఎస్‌ఐ. అన్ని అంతస్తుల మొత్తం వైశాల్యాన్ని స్థలం వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. అందులో 100 చదరపు మీటర్ల ఇల్లు ఒకే అంతస్తుగా ఉంటే ఎఫ్‌ఎస్‌ఐ 0.6. రెండు స్థలాలు కలిపి (334 చదరపు మీటర్లు), అంతస్తుకు 170 చదరపు మీటర్ల చొప్పున అయిదంతస్తులు కడితే ఎఫ్‌ఎస్‌ఐ సుమారు 2.5. అంటే కట్టడం నాలుగు రెట్లు పెరిగింది.

మరి మనుషులు? అంతస్తుకు మూడు ఫ్లాట్లు అనుకుంటే, రెండు కుటుంబాలు ఉన్న చోట పదిహేను కుటుంబాలు వచ్చాయి. అంటే ఏడున్నర రెట్లు. ఫ్లాటు ఇంటికంటే చిన్నది కాబట్టి కట్టడం కన్నా జనం వేగంగా పెరిగారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ముంబై. 1991 నిబంధనల ప్రకారం అక్కడ పాత నగరంలో ఎఫ్‌ఎస్‌ఐ 1.33, శివార్లలో 1 మాత్రమే. కాగితం మీద అది పలచటి నగరమే. కానీ 2011 జనగణన నాటికి అక్కడి జనాభాలో 40 శాతానికి పైగా మురికివాడల్లోనే ఉన్నారు. కట్టడాన్ని కట్టడి చేసినంత మాత్రాన మనుషులు రాకుండా ఆగరు. ఉన్న గదుల్లోనే ఇరుక్కుంటారు.

ఒక హెక్టారు లెక్క

ఒక హెక్టారు (సుమారు రెండున్నర ఎకరాలు) లేఅవుట్ తీసుకుందాం. మూడో వంతు రోడ్లకూ ఖాళీ జాగాకూ పోగా 200 గజాల ప్లాట్లు 40 వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున 160 మంది. అన్నీ అపార్ట్‌మెంట్లయితే 300 కుటుంబాలు, 1,200 మంది.

డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందాలన్నది మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణం. అందులో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని లెక్క కడతారు. ఆ లెక్కన 160 మంది నుంచి సగటున సెకనుకు 0.2 లీటరు, 1,200 మంది నుంచి 1.5 లీటర్లు. పొద్దున్నే అందరూ ఒకేసారి స్నానాలకు దిగుతారు కదా, అందుకని ఇంజినీర్లు చిన్న ప్రాంతాలకు సగటును మూడుతో గుణిస్తారు. అప్పుడు పాత కాలనీకి 0.6, కొత్త కాలనీకి 4.5 లీటర్లు.

వీధిలోని పైపు ఈ మాత్రం మోయగలదు. చిక్కు వీధిలో కాదు, దిగువన ఉంటుంది. ఇలాంటి పది హెక్టార్ల మురుగు ఒకే లైన్లో కలుస్తుందనుకోండి. ఒకప్పుడు సెకనుకు 6 లీటర్లు వచ్చిన చోట ఇప్పుడు 45 లీటర్లు వస్తుంది. అక్కడున్నది 200 మిల్లీమీటర్ల పైపు, వాలు 200 మీటర్లకు ఒక మీటరు అయితే, నిండుగా పారినా అది మోయగలిగేది సుమారు 23 లీటర్లే. మిగిలినది మ్యాన్‌హోల్ మూత తోసుకుని రోడ్డెక్కుతుంది. వానాకాలంలో వాననీరు కూడా ఆ లైన్లోకి చేరితే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆ 23 లీటర్ల హద్దు దాటడానికి కాలనీ అంతా మారనక్కర్లేదు. సగం ఇళ్లు అపార్ట్‌మెంట్లు కాకముందే పైపు నిండిపోతుంది. ఇచ్చిన ప్రతి అనుమతీ విడిగా చూస్తే నిబంధనల ప్రకారమే ఉంటుంది. అన్నీ కలిసి ఏం చేస్తాయన్నదే ఏ ఒక్క ఫైలులోనూ కనిపించదు.

తేడా అంతా పది సెంటీమీటర్లు

ఐరిష్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ పేరుతో వాడే సూత్రం ప్రకారం, వాలు మారకుండా ఉంటే నిండు పైపు మోసే నీరు దాని వ్యాసానికి 8/3 ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే ప్రవాహం రెట్టింపు కాదు, ఆరు రెట్లు దాటుతుంది. అందుకే 200కు బదులు 300 మిల్లీమీటర్ల పైపు వేసి ఉంటే అదే వాలులో సుమారు 68 లీటర్లు పోయేవి. 45 లీటర్లు హాయిగా పట్టేవి.

మొదట్లోనే వేస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, ఎందుకంటే కందకం ఎలాగూ తవ్వాలి. ఇరవై ఏళ్ల తరవాత మార్చాలంటే మాత్రం సిమెంటు రోడ్డు పగలగొట్టాలి, కేబుళ్లూ మంచినీటి పైపులూ తప్పించాలి, ట్రాఫిక్ మళ్లించాలి.

అలాగని ఎందుకైనా మంచిదని ప్రతిచోటా పెద్ద పైపు వేయడమూ కుదరదు. మరీ పెద్ద పైపులో కొద్దిపాటి నీరు నెమ్మదిగా పారుతుంది, మట్టి పేరుకుపోతుంది. సెకనుకు సుమారు 0.6 మీటరు వేగం ఉంటేనే పైపు తనను తాను శుభ్రం చేసుకుంటుంది. కాబట్టి ఫలానా ప్రాంతంలో ఎన్ని అంతస్తులకు అనుమతిస్తామో, అక్కడ ఎంత పైపు వేస్తామో ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాలి.

దగ్గరగా ఉంటే లాభమే

మన హెక్టారులో రోడ్డు పొడవు 300 మీటర్లనుకుందాం. పాత కాలనీలో ఒక్కో మనిషికి దాదాపు 1.9 మీటర్ల రోడ్డు, అంతే పైపు, ఆ మేరకు వీధిదీపాలు. కొత్త కాలనీలో మనిషికి పావు మీటరు చాలు. చెత్తబండి ఒక్కసారి ఆగితే పదిహేను ఇళ్ల చెత్త ఎక్కుతుంది. బస్సుకు ప్రయాణికులు దొరుకుతారు. ఊరు పొలాల మీదికి పాకడం తగ్గుతుంది. తలసరి ఖర్చు చూస్తే దగ్గరగా ఉన్న నగరమే చవక. ఆ లాభం మనకు దక్కాలంటే పైపు ముందు రావాలి, అంతస్తులు తరవాత రావాలి.

ఒకసారి వచ్చే డబ్బు, ఏటా వచ్చే ఖర్చు

హైదరాబాదులో 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసింది. రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి ఎత్తు నిర్ణయించే పద్ధతి వచ్చింది. రోడ్డు వెడల్పు పైకి కనిపిస్తుంది. దాని కింద ఉన్న పైపు వ్యాసం ఎవరికీ కనిపించదు. ఎత్తైన భవనాల నుంచి మౌలిక వసతుల కోసమే ఇంపాక్ట్ ఫీజు వసూలు చేసే ఏర్పాటూ నిబంధనల్లో ఉంది.

అనుమతి ఫీజు, ఇంపాక్ట్ ఫీజు ఒక్కసారే వస్తాయి. పైపు పూడిక తీయడం, పంపు నడపడం, సిబ్బందికి జీతాలు ఇవ్వడం ఏటా ఉంటాయి. వీటికి నిలకడగా వచ్చే ఆదాయం ఆస్తి పన్ను. 40 ఇళ్ల చోట 300 ఫ్లాట్లు వస్తే పన్ను కట్టేవారూ పెరుగుతారు. అంటే జనం తమ భారాన్ని తామే మోయగలరు. అయితే ఆ పన్ను మదింపు సరిగా జరగాలి, వచ్చిన డబ్బు ఆ పనికే చేరాలి.

రిజర్వు బ్యాంకు 2022లో వెలువరించిన మున్సిపల్ ఆర్థిక నివేదిక ప్రకారం మన పురపాలక సంస్థల ఆదాయం దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు ఒక శాతమే. ఆంధ్రప్రదేశ్ 2021లో అద్దె విలువ బదులు మూలధన విలువ ఆధారంగా ఆస్తి పన్ను లెక్కించే పద్ధతికి మారింది. పైపులాంటి దశాబ్దాల ఆస్తికి అప్పు తెచ్చి నెమ్మదిగా తీర్చడం ఇంకో దారి. జీహెచ్‌ఎంసీ 2018లో బాండ్ల ద్వారా 200 కోట్ల రూపాయలు సమీకరించింది. ఏటా నమ్మకంగా వచ్చే ఆదాయం ఉన్న సంస్థకే ఇలాంటి అప్పు పుడుతుంది.

అనుమతి ఒకరిది, పైపు మరొకరిది

74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణ నియంత్రణ, నీటి సరఫరా, పారిశుధ్యం అన్నీ అందులోనివే, అంటే ఒకే గూటివి. హైదరాబాదులో మాత్రం మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏది, నగరంలో భవన అనుమతి కార్పొరేషన్‌ది, నీరూ మురుగూ 1989 చట్టంతో ఏర్పడిన జలమండలివి. ఫీజు ఒక ఖాతాలో పడుతుంది, మురుగు మరొకరి పైపులో పడుతుంది. రెండు లెక్కలూ కలిపి చూసే చోటు లేకపోతే మ్యాన్‌హోల్ పొంగేదాకా తేడా బయటపడదు.

అందుకే బడ్జెట్ సమావేశాల వేళ కార్పొరేటర్‌ను మూడు ప్రశ్నలు అడగాలి. మన వార్డులో గత అయిదేళ్లలో ఎన్ని ఫ్లాట్లకు అనుమతి ఇచ్చారు? ఆ ఫీజుల్లో ఎంత మన ప్రాంతపు పైపులకు ఖర్చయింది? మన ట్రంక్ లైను వ్యాసం ఎంత, ఎన్ని కుటుంబాల కోసం వేశారు?

మీరే లెక్క చూడండి

పై లెక్కలన్నీ ఒక చిన్న సూత్రంలో ఇమిడిపోతాయి. మీ లైన్లో కలిసే ఇళ్ల సంఖ్యను 0.015తో గుణించండి. ఉదయపు రద్దీ వేళ సెకనుకు ఎన్ని లీటర్ల మురుగు వస్తుందో తెలుస్తుంది. 400 ఇళ్లకు 6, 3,000 ఇళ్లకు 45. మనం చూసిన వాలులో 200 మిల్లీమీటర్ల పైపు సుమారు 1,500 ఇళ్లకు సరిపోతుంది. ఈ సంఖ్యను మీ కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి తీసుకెళ్లండి. పక్కింటి అపార్ట్‌మెంటు మీద కోపంతో మొదలయ్యే చర్చ, ఎంత పైపు కావాలి, దానికి డబ్బు ఎక్కడిది అనే ప్రశ్నల వైపు మళ్లుతుంది.