సౌరఫలకముల పరీక్ష: యంత్రము చెప్పిన దోషమును దిద్దుట

వైద్యుడు రోగమును సరిగా గుర్తింపనిచో మందు ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు. సూర్యరశ్మినుండి విద్యుత్తును పుట్టించు ఫలకముల విషయమునను ఇంతే. నేడు చెన్నపట్టణమున అనేకములైన మిద్దెలపై ఇవి కనబడుచున్నవి. మన రాష్ట్రమునందే, రామనాథపురము జిల్లా కముదిలో 2016లో నెలకొల్పబడిన 648 మెగావాట్ల కేంద్రమున సుమారు 25 లక్షల ఫలకములు కలవు. ఇన్నింటిని మనుష్యులు ఒక్కొక్కటిగా చూచుట సాధ్యమా? కావున పెద్ద కేంద్రములలో డ్రోనుకు వేడిని చిత్రించు కెమెరాను అమర్చి పైనుండి ఫొటోలు తీయుదురు. సాఫ్ట్‌వేరు వాటిని పరిశీలించి ఏ ఫలకమున ఏ దోషము కలదో చెప్పును.

వేడిని చూచుట ఎందులకు? ఫలకములోని ఘటములు వరుసగా కలుపబడియుండును. ఒక ఘటము పగిలినను, దానిపై నీడ పడినను, తక్కినవి పుట్టించిన విద్యుత్తు దానియందు వేడిగా మారును. ఫలకములన్నియు గల ఒక వరుస యావత్తు ఇరుగుపొరుగు వరుసలకంటె కొంచెము వేడిగా నున్నచో, అది విద్యుత్తును బయటికి పంపుట లేదని అనుమానింపవలెను. అయితే వేడి లక్షణమేగాని రోగము కాదు. ఇచ్చటనే యంత్రము పొరబడును.

ఆ పొరపాట్లు ముఖ్యముగా నాలుగు విధములు. అద్దముపై సూర్యుని ప్రతిబింబమును దోషమనుట మొదటిది. కాకిరెట్ట వలన కలిగిన వేడిని పగిలిన ఘటమనుట రెండవది. కడిగినచో పోవుదానికి ఫలకమునే మార్చుట దండుగ. దోషము నిజమైనను ప్రక్కఫలకము సంఖ్యను చూపుట మూడవది. అప్పుడు మంచిది తొలగింపబడి చెడ్డది నిలిచియుండును. ఉన్న దోషమును చూడకుండుట నాలుగవది. ఇది అన్నింటికంటె ప్రమాదకరము. మిక్కిలి వేడెక్కిన చోట నిప్పు అంటుకొనవచ్చును.

దిద్దువాడు ఏమి చేయవలెను? మొదట ఫొటో తీసిన వేళను చూడవలెను. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము రశ్మి చదరపు మీటరునకు 600 వాట్లకు తగ్గరాదు. మబ్బువేళ తీసిన ఫొటోను నమ్మరాదు. పిదప అదే ఫలకమును వేరొక కోణమునుండి తీసిన ఫొటోతో పోల్చవలెను. ప్రతిబింబము జరుగును, నిజమైన వేడి జరుగదు. సాధారణ ఫొటోను ప్రక్కన పెట్టుకొన్నచో రెట్టయు నీడయు బయటపడును. అప్పటికిని సందేహము తీరనిచో, ఫలకము కడకు పోయి విద్యుత్తును కొలిచి నిర్ణయింపవలెను.

యంత్రము పెట్టిన మొదటి పేరును తుడిచివేయరాదు. దాని ప్రక్కనే సరియైన పేరును, కారణమును, తేదీని వ్రాయవలెను. ఇట్టి దిద్దుబాట్లే యంత్రమునకు పాఠములు. ఒకే తప్పు పలుమారు కనబడినచో ఫొటోను మాత్రమే దిద్దిన చాలదు, ఆ తప్పునకు మూలమును వెదుకవలెను.

తల్లిదండ్రులు దీనిని ఇంటియందును గమనింపవచ్చును. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము. కావున మన బాలుడు ‘గాలి’ని ‘కాలి’ అని వ్రాసినచో అది అశ్రద్ధ కాకపోవచ్చును. రెండు లిపుల నడుమ కలిగిన తికమక కావచ్చును. అశ్రద్ధ యని దండించినచో తప్పు పోదు, బాలునకు భాషపై ప్రీతి పోవును. కారణమెరిగి రెండక్షరములను ప్రక్కప్రక్కన పలికించినచో తప్పు తానే పోవును.

విద్యార్థులారా! మీ మిద్దెపై ఫలకములున్నచో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వాటిపై ఏ నీడ పడుచున్నదో దూరమునుండియే చూచి వ్రాసికొనుడు. వెలుతురున్నంతసేపు వాటియందు విద్యుత్తు ఉండును గాన తాకరాదు. చూచినదానిని ఒక వరుసలో, దానినుండి ఊహించినదానిని వేరొక వరుసలో వ్రాయుడు. ఈ రెండింటిని వేరుపరచుటయే పరీక్షకు మొదటి మెట్టు.